పట్టీలో లేని సత్యవేణి

1955 జనవరి 16, ఆదివారం

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. కొత్త సంవత్సరంలో మొదటి కమిటీ కదా, చర్చి వరండాలో టీ తాగి, గోడలకు సున్నం ఎప్పుడు వేయించాలో మాట్లాడుకుని లేచిపోదామనుకున్నాను. పాస్టరు అయ్యగారు సైకిలెక్కి తరవాతి ఊరికి వెళ్ళిపోయారు. ఆయనకు పదకొండు ఊళ్ళు, మా పైడిలంక వంతు నెలకొక ఆదివారం. మిగతా రోజుల్లో ఈ పేట సంఘాన్ని నడుపుకునేది మేం ఏడుగురు పెద్దలమే. పోయిన ఏడు రిపోర్టులో ఆ మాట నేనే ఎంతో గర్వంగా రాశాను.

లేవబోతుంటే వరదానం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఏసోబు సంగతొకటి ఉందన్నారు. ఆయన ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు మా చర్చి వార్డెను. మందు కలిపినంత జాగ్రత్తగా మాట్లాడతారు. ఏసోబుకు క్రిస్మసు ముందు మురుగు కాలవ మీద లస్కరు పని దొరికింది. తలుపులు ఎత్తడం, దించడం. ఆ పని ఆది ఆంధ్రుల కోటాలోదట, క్రైస్తవులకు ఇవ్వరట. హిందువునని ఏలూరు తాలూకా ఆఫీసులో కాగితం రాసిచ్చి తెచ్చుకున్నాడని వరదానం గారి మాట.

"విచారణ చెయ్యాలండి. ఫిర్యాదు మీరు రాయండి, సెక్రటరీ కదా" అన్నారు నాతో.

రాస్తానన్నాను. టీ గ్లాసు కింద పెట్టబోతే చేతిలోంచి జారింది. పగల్లేదు.

ఈ పుస్తకం మా మిషను స్కూల్లో పటాలు పెట్టే పెట్టెలో, ఇండియా పటం కింద దాస్తాను. అక్కడ ఎవరూ వెతకరు.

జనవరి 17

ఇందులో భయపడాల్సిందేమీ లేదు.

జనవరి 20, గురువారం

రాసుకుంటే తేలికవుతుందేమో చూస్తాను.

అటేడు జూన్ నెల. మా ఎస్తేరు ఎనిమిదో తరగతి పాసై, ఇంట్లో మూడేళ్ళు కూర్చుని, టీచరు ట్రైనింగుకు వెళతానని పట్టుబట్టింది. మిషను ట్రైనింగు స్కూల్లో మా పాస్టరేటుకు, అంటే అయ్యగారి పదకొండు ఊళ్ళకూ కలిపి, ఒక్క సీటే వచ్చింది, అది ఇంకొకరి పిల్లకు పోయింది. తాడేపల్లిగూడెంలో గవర్నమెంటు ట్రైనింగు స్కూలుంది. ఆది ఆంధ్ర హిందూ బాలికలకు సీట్లున్నాయి. ఆ 'హిందూ' అన్న మాట ఒక్కటే అడ్డం. మా తాతగారు చెరువు కింద నాగలి పట్టిన రోజుల్లో ఎలా ఉన్నామో ఇప్పుడూ అలాగే ఉన్నాం, అదే పేట, అవే గుడిసెలు. బాప్తిస్మం పుచ్చుకున్నాం కనక మేం వాళ్ళలో లేమట.

కాగితంలో పిల్ల పేరు సత్యవేణి అని రాశాను. తండ్రి పేరు నాగయ్య. అది మా తాతగారికి బాప్తిస్మానికి ముందున్న పేరు. పేటలో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదనుకున్నాను. మతం హిందూ. మొత్తం నా దస్తూరీయే. ఇంత చక్కటి దస్తూరీ ఈ తాలూకాలో ఇంకొకరికి లేదని ఇన్‌స్పెక్టరు గారే ఒకసారి అన్నారు.

ఊరివాడొకడు సాక్షి కావాలన్నారు. చదువొచ్చినవాణ్ణి తీసుకెళితే చదువుతాడు. అందుకని ఏసోబును తీసుకెళ్ళాను. స్కూలు కాగితమని చెప్పి వేలిముద్ర వేయించాను. వచ్చేటప్పుడు దెందులూరు దగ్గర బండి ఆపి వాడికి జీళ్ళు కొనిపెట్టాను.

రాశాను కాని తేలిక కాలేదు.

జనవరి 24

మార్తమ్మతో చెప్పాను, ఏసోబు మీద విచారణ వస్తోందని. బియ్యం ఏరుతోంది. చేట ఆపి నా వంక చూసింది. "ఏవండీ, మీ సంగతో?" అంది. నా సంగతి వేరన్నాను. ఎలా వేరో అడగలేదు. మళ్ళీ బియ్యం ఏరుకుంది.

వేరే. వాడు తన కోసం చేసుకున్నాడు. నేను పిల్ల కోసం చేశాను. పైగా ఎస్తేరును నేను చర్చి నుంచి తప్పించలేదు. పోయిన ఏడు సెలవుల్లో బిషప్ గారి చేతుల మీద నిర్ధారణ పొంది పూర్తి సభ్యురాలైంది, సంఘం పట్టీలో పేరెక్కింది, రొట్టె ద్రాక్షరసం పుచ్చుకోవడానికి బల్లకు వస్తోంది. పట్టీ రాసేది నేనే. పట్టీలో ఎస్తేరు ఉంది, సత్యవేణి ఎక్కడా లేదు.

ఏప్రిల్ పదిహేనుతో పరీక్షలు అయిపోతాయి. అంతవరకు ఎవరూ కదపకపోతే చాలు. ఈ లోపల సంగతి బయటపడితే సీటు పోతుంది, రెండేళ్ళ చదువు పోతుంది, నా హెడ్మాస్టరు పనీ పోతుంది. అబద్ధపు కాగితం రాసినందుకు కేసు కూడా పెడతారేమో. ఎవర్ని అడిగి తెలుసుకోను?

జనవరి 27, గురువారం

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు వెళ్ళాక ఏసోబు స్కూలుకొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గర నుంచున్నాడు. చర్చి గంట ఇరవై ఏళ్ళుగా వాడే కొడుతున్నాడు. అరిచేతులు తాడుకు కాయలు కాచి ఉన్నాయి.

"మాస్టారండీ, అటేడు నాచేత వేలిముద్ర వేయించారు చూడండి, ఏలూర్లో. అది అమ్మాయిగారి కాగితమేనాండి?" అన్నాడు.

స్కూలు కాగితమని మళ్ళీ అన్నాను. వాడు తలూపి, తన సంగతి నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. లస్కరు పని కోసం వెళ్ళినప్పుడు హిందువునని రాయించాలంటే భయపడ్డాడట. గుమాస్తా పుస్తకం తిరగేసి, ఇదివరకు సత్యవేణి అనే పిల్లకు సాక్షివి నువ్వే కదా, తెలియనట్టు అడుగుతావేమిటన్నాడట. ఆ ఆఫీసులో వాడు అంతకుముందు వేసిన వేలిముద్ర ఒక్కటే, అదీ నాకే.

"మీ అంతటివారు చేశారంటే తప్పయ్యుండదని నేనూ వేసేశానండి."

కుర్చీలో కూర్చున్నాను. కమిటీ పిలిస్తే ఏం చెబుతావని అడిగాను.

"నేను చెప్పేదేముందండి. అడిగేది మీరు కదండి" అన్నాడు.

బెదిరించాడా? ఏసోబు బెదిరించే మనిషి కాదు. మామూలుగానే అన్నాడు. కాని వాడు వెళ్ళాక ఆ మాట తిప్పితిప్పి చూసుకుంటూనే ఉన్నాను. రెండో పూట పాఠం చెప్పలేదు, పిల్లలచేత ఎక్కాలు చదివించాను.

జనవరి 31

బెదిరించలేదు.

ఫిబ్రవరి 3, గురువారం

వరదానం గారు ఏలూరు వెళ్ళారు. తాలూకా ఆఫీసు బోర్డు మీద మూడేళ్ళుగా ఇచ్చిన సర్టిఫికెట్ల జాబితా అంటించారట. మన పాస్టరేటు ఊళ్ళవి రాసుకొస్తానన్నారు. ఒక్క ఏసోబునే పట్టుకుంటే పక్షపాతమవుతుంది, అందరిదీ చూద్దామన్నారు. న్యాయమైన మనిషి. ఆయన న్యాయమే నాకు భయం.

ఉదయం ఆయన బస్సెక్కడం స్కూలు కిటికీలోంచి చూశాను. చంకలో గొడుగు, చేతిలో నోటు పుస్తకం.

ఫిబ్రవరి 4

ఆయన ఇంకా రాలేదు. చుట్టాలింట్లో ఉండిపోయారట. మూడుసార్లు దొడ్లోకి వెళ్ళొచ్చాను. మార్తమ్మ మజ్జిగలో శొంఠి వేసి ఇచ్చింది.

ఫిబ్రవరి 5

ఈ సాయంత్రం బస్సుకీ రాలేదు. ఆ కాగితం మీద వాన పడి అక్షరాలు చెరిగిపోయి ఉండచ్చు. మాఘమాసంలో వాన ఎక్కడిది? బోర్డు ఎండకు వెలిసిపోయి ఉండచ్చు.

ఫిబ్రవరి 7, సోమవారం

వచ్చారు. తిన్నగా స్కూలుకే వచ్చారు. నోటు పుస్తకం నా బల్ల మీద విప్పి పెట్టారు. మన పాస్టరేటు నుంచి ఇద్దరే ఉన్నారట. ఒకరు ఏసోబు.

రెండోది: సత్యవేణి, తండ్రి నాగయ్య, పైడిలంక. సాక్షి ఏసోబు, వేలిముద్ర.

"ఈ పేటలో సత్యవేణి ఎవరండి? నాగయ్య ఎవరు? మీ పట్టీ చూసి చెప్పండి" అన్నారు.

పట్టీ తీశాను. కాలవ చివరి ఇంటి నుంచి ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదివాను. నూట పన్నెండు పేర్లు. ఆయన పక్కనే నుంచుని ప్రతి పేరుకీ తలూపారు. ఎస్తేరు పేరు మీదుగా కూడా నా వేలు వెళ్ళింది. ఆగకుండా వెళ్ళింది. సత్యవేణి లేదన్నాను.

"అయితే ఏసోబునే అడుగుదాం" అన్నారు వరదానం గారు.

ఆయనకు అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? ఎస్తేరుకు మార్కుల మీద సీటొచ్చిందని రెండేళ్ళ కిందట పేటంతా పటికబెల్లం పంచినవాణ్ణి నేను.

ఫిబ్రవరి 11, శుక్రవారం

అసెంబ్లీ ఎన్నికలకు మా స్కూలు తీసుకున్నారు. పేటంతా వరసగా నుంచుని ఓట్లు వేసింది. పెట్టెలు బండి మీద వెళ్ళిపోయాయి. ఎవరు గెలుస్తారోనని కుర్రకారు కొట్టుకుంటోంది. నాకు ఇరవయ్యో తారీకు తప్ప ఏమీ కనబడటం లేదు.

ఫిబ్రవరి 20, ఆదివారం

అయ్యగారు వచ్చారు. ముందు ఆరాధన, బల్ల. నేనూ వెళ్ళి మోకరించాను. వెళ్ళకపోతే అందరూ చూస్తారు కదా. మార్తమ్మ కూడా వచ్చింది. నా పక్కన కాదు, ఆడవాళ్ళ వరస చివర్లో.

తరవాత విచారణ. అయ్యగారు కుర్చీలో, మేం ఏడుగురం చాపల మీద, నా ముందు మినిట్సు పుస్తకం. ఏసోబు గంట తాడు పక్కన నుంచున్నాడు. ఉతికిన చొక్కా, మెడ దాకా బొత్తాలు. ఫిర్యాదు నేనే చదివాను. నేనే రాశాను గదా, తప్పు లేకుండా చదివాను.

హిందువునని రాయించిన మాట నిజమేనా అని అయ్యగారు అడిగారు. నిజమేనన్నాడు. ఎందుకు రాయించావని అడిగితే, కొల్లేరు ఎండిన ఏడు చేపలుండవు, నిండిన ఏడు చేలుండవు, తలుపుల పని అయితే ఏ ఏడైనా ఉంటుందని చెప్పాడు. అయ్యగారికీ జాలేసిందనుకుంటాను. పని మానేసి, లెంటు ఉపవాసాల నలభై రోజులూ గుమ్మం దగ్గర నుంచుని, ఈస్టరుకు సంఘం ముందు ఒప్పుకుంటే సరిపోతుందన్నారు. ఏసోబు తలొంచుకున్నాడు. నేను ఊపిరి వదిలాను.

అప్పుడు వరదానం గారు నోటు పుస్తకం తెరిచారు.

"సత్యవేణి ఎవరు, ఏసోబూ?"

నేను కాగితం మీంచి తలెత్తలేదు. కలం సిరాబుడ్డిలో ముంచాను. అప్పటికే ముంచి ఉంది. సిరా బొట్టు పేజీ మీద పడింది.

"వేలిముద్ర నాదేనండి" అన్నాడు ఏసోబు.

"అది తెలుసు. ఎవరికి వేశావు?"

"ఎవరికేశానో చెప్పనండి."

చెప్పకపోతే శిక్ష పెరుగుతుందన్నారు అయ్యగారు. ఎవర్నో కాపాడుతున్నావు, వాళ్ళు నిన్ను కాపాడుతున్నారా అని కూడా అడిగారు. ఏసోబు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేవాడినేమో. నిజంగా చెప్పేసేవాడినే.

"పెరగనీయండి" అన్నాడు.

తీర్మానం: పని మానేసేదాకా, సత్యవేణి ఎవరో చెప్పేదాకా ఏసోబు బల్లకు రాకూడదు, సంఘ సమావేశంలో ఓటు ఉండదు, గంట తాడు ముట్టకూడదు. లోపలికి రాకుండా గుమ్మం బయట నుంచుని ప్రార్థన వినవచ్చు. ఒప్పుకునేవారు చెయ్యెత్తండన్నారు. ఏడు చేతులు లేచాయి. నాది కూడా. మినిట్సులో 'ఏకగ్రీవం' అని రాయాల్సొచ్చింది. ఆ మాట దగ్గర నా దస్తూరీ చెడింది.

ఫిబ్రవరి 21

పట్టీలో ఏసోబు పేరు కింద ఎర్రసిరాతో గీత గీశాను. శిక్షలో ఉన్నవారికి అలా గీయడం సెక్రటరీ పని. స్కేలు పెట్టే గీశాను. అయినా వంకర వచ్చింది.

ఫిబ్రవరి 23, బూడిద బుధవారం

గంట ఇంకెవరో కొట్టారు. ఎవరు కొట్టినా అలా రాదు. ఏసోబు మూడు కొట్టి ఆగి, మళ్ళీ మూడు కొట్టేవాడు. ఇవాళ తెంపు లేకుండా డాండాండామని మోగింది. కాలవ అవతల చేపల బుట్టల వాళ్ళు ఎక్కడో అగ్గి అంటుకుందనుకుని ఇటు చూశారు.

ఏసోబు గుమ్మం బయట ఎండలో నుంచున్నాడు. లస్కరు పని మానలేదట. పిల్లలకేం పెట్టమంటారని వాళ్ళావిడ మార్తమ్మతో అన్నదట.

పరీక్షలు అవనీ. ఏప్రిల్ పదిహేను దాటనీ, నేనే అయ్యగారి దగ్గరకు వెళ్ళి అంతా చెప్పేస్తాను.

మార్చి 8

వరదానం గారు ఇల్లిల్లూ తిరిగి నాగయ్య ఎవరని ముసలివాళ్ళను అడుగుతున్నారట. మా పెద్దత్తకు ఎనభై ఏళ్ళు దాటాయి. తాతగారి పేరు ఆవిడకు గుర్తుండే ఉంటుంది. స్కూలు విడవగానే పరిగెత్తుకు వెళ్ళాను. ఆవిడ మంచంలో కూర్చుని ఉంది. వరదానం వచ్చాడురా, ఏదో పేరడిగాడు, నాకు చెముడు కదా, మందుల గురించనుకుని కాళ్ళ నొప్పులని చెప్పానంది. ఆవిడ కాళ్ళు పట్టాను. చాలాసేపు పట్టాను. ఎప్పుడూ లేంది ఇవాళ ఇంత ప్రేమేమిట్రా అని నవ్వింది.

మార్చి 20, ఆదివారం

మార్తమ్మ బల్లకు లేవలేదు. తలనొప్పి అంది.

నేను లేచాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ తలుపు వైపు చూడకుండా నడవాలని పెట్టుకున్నాను. కాని తలుపులోంచి ఎండ లోపలికి పడి, ఆ ఎండలో ఏసోబు నీడ నేల మీద నడవ మధ్య దాకా వచ్చింది. దాని మీద అడుగు పెట్టకుండా పక్కనుంచి నడిచాను.

మార్చి 29

ఎస్తేరు ఉత్తరం. ఏప్రిల్ నాలుగున పరీక్షలు మొదలు, పదిహేనున ఆఖరి పరీక్ష, పదహారున బస్సెక్కుతుందట. ఈస్టరుకు రాలేకపోతున్నందుకు బాధగా ఉందని రాసింది. 'ఇక్కడ హాజరు పిలిచేటప్పుడు సత్యవేణి అంటే ఇప్పటికీ ఒక క్షణం ఆలస్యంగా పలుకుతాను నాన్నగారూ, టీచరు గారు చెముడా అంటారు' అని చివర్లో సరదాగా రాసింది.

ఉత్తరం పొయ్యిలో పెట్టాను. మార్తమ్మ చూస్తూనే ఉంది.

ఏప్రిల్ 10, ఈస్టరు

మార్తమ్మకు మళ్ళీ తలనొప్పి. ఈస్టరు నాడు బల్లకు రాకపోతే పేటలో ఏమనుకుంటారన్నాను. "తలనొప్పి వచ్చేది నాకు, చూసేది పేట. మీకేమొచ్చిందండి?" అంది.

ఆరాధన అయ్యాక వరదానం గారు ప్రకటించారు. వచ్చే ఆదివారం సంవత్సర సంఘ సమావేశం, కొత్త కమిటీకి ఎన్నిక, అయ్యగారు అందుకోసమే మళ్ళీ వస్తారు. సెక్రటరీగా నన్నే మళ్ళీ నిలబెడతానని నా భుజం తట్టారు. "ఇంత నికరంగా పట్టీ రాసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారండి" అన్నారు. అది విని నాకు సంతోషం కలిగింది. భయం మధ్యలో కూడా సంతోషం కలిగింది. అది రాయకుండా ఉండలేను.

ఏప్రిల్ 15, శుక్రవారం

ఈ పాటికి ఆఖరి పరీక్ష అయిపోయి ఉంటుంది.

ఇవాళ అయ్యగారి దగ్గరకు వెళదామనుకున్నాను. కాని పరీక్ష రాసినంత మాత్రాన సరిపోదు కదా, ఫలితాలు రావాలి. ఫలితాలొచ్చాక సర్టిఫికెట్టు చేతికి రావాలి. సర్టిఫికెట్టు వచ్చాక పోస్టింగు. అప్పుడైతే ఏ అడ్డూ ఉండదు. ఆగస్టు. మహా అయితే సెప్టెంబరు.

స్కూలు నుంచి వస్తుంటే మురుగు కాలవ తలుపు దగ్గర ఏసోబు కనబడ్డాడు. తప్పించుకునే దారి లేదు. తలపాగా తీసి దగ్గరకొచ్చాడు.

"అమ్మాయిగారు పరీక్షలు బాగా రాశారాండి?" అన్నాడు.

బాగానే రాసిందన్నాను.

"హమ్మయ్య. అయిపోయాయి కదండి" అని వెళ్ళి తలుపు చక్రం తిప్పుకున్నాడు.

వాడికి ఆ తేదీ తెలుసు. వాడూ ఈ పదిహేనో తారీకు కోసమే కాసుకుని ఉన్నాడు. రెండు నెలలు ఎండలో నుంచుని, పరీక్షలు అయ్యాక నేనే చెబుతానని నమ్ముకుని ఉన్నాడు. నేను సెప్టెంబరు అనుకుంటున్నాను.

ఏప్రిల్ 16, శనివారం

ఎస్తేరు వచ్చింది. చిక్కింది. తల్లీ కూతుళ్ళు వంటింట్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను మంచినీళ్ళ కోసం వెళితే మాట ఆపేశారు. కూర గురించి అయ్యుంటుంది.

భోజనాల దగ్గర ఎస్తేరు నన్ను ఏమీ అడగలేదు. ఏసోబు మామయ్య ఇంకా గంట కొడుతున్నాడా అని మాత్రం అడిగింది. లేదన్నాను. తలొంచుకుని అన్నం తింది.

ఏప్రిల్ 18, సోమవారం

స్కూలుకు వెళ్ళలేదు. ఈ పుస్తకం నిన్ననే పటాల పెట్టెలోంచి తెచ్చేసుకున్నాను. ఇంక దాచడానికేమీ లేదు.

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరాధన అయ్యాక సమావేశం. మా ఎన్నిక పద్ధతి చింతగింజలతో. చదువు రానివాళ్ళే ఎక్కువ కనక మా నాన్నగారి కాలంలో పెట్టిన పద్ధతి. గింజలు కడిగి ఆరబెట్టి పళ్ళెంలో పోస్తారు. సెక్రటరీ పట్టీలోంచి పేరు చదువుతాడు. ఆ మనిషి 'ఉన్నానండి' అని లేచి వచ్చి ఒక గింజ తీసుకుని, గుడ్డ కట్టిన కుండల్లో తనకు నచ్చినవాళ్ళ కుండలో వేస్తాడు. కుండ మీద సున్నంతో గుర్తు ఉంటుంది. నాది లాంతరు. పట్టీ మొదలుపెడితే ఆఖరి పేరు దాకా ఆపకూడదు. అది నేను పెట్టిన నిబంధనే.

కాలవ చివర నుంచి మొదలుపెట్టాను. అందరూ వచ్చారు, గింజలు తీసుకున్నారు. ఎక్కువమంది లాంతరు కుండ దగ్గరే ఆగడం కనబడుతూనే ఉంది. ఏసోబు పేరు దగ్గర ఎర్ర గీత. చదవకుండా కింద పేరుకు వెళ్ళాను. గుమ్మం వైపు చూడలేదు.

సెక్రటరీ ఇల్లు ఎప్పుడూ చివర. మార్తమ్మ అని చదివాను. మూడో వరసలోంచి ఉన్నానండి అంది, కాని లేవలేదు. గింజ కోసం రాలేదు. జనం ఆమె వంక చూశారు. ఆగకూడదు కనక నేను కింద పేరు చదివాను.

ఎస్తేరు.

"ఉన్నానండి" అన్న మాట ఆడవాళ్ళ వైపు నుంచి రాలేదు. వెనక నుంచి, బయట నుంచి వచ్చింది. అందరూ తిరిగి చూశారు. గుమ్మం బయట ఏసోబు పక్కన నుంచుని ఉంది నా కూతురు. ఆరాధన మొదటి నుంచీ అక్కడే ఉందట. నేను తలుపు వైపు చూడకూడదని పెట్టుకున్నాను కదా, అందుకే తెలియలేదు.

నిర్ధారణ అయ్యాక దానికి ఇదే మొదటి ఎన్నిక. లోపలికి రమ్మని అయ్యగారు అన్నారు. అది కదల్లేదు. ఏం చెయ్యాలో తోచక నేను పళ్ళెంలోంచి ఒక గింజ తీసుకుని నడవలో నడిచి వెళ్ళాను. అంత దూరం నడవ నేనెప్పుడూ నడవలేదు. గింజ దాని చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. ఏడవడం లేదు. నా మొహంలోకి చూసింది.

"సత్యవేణికి ఓటు లేదు కదండి, నాన్నగారూ" అంది.

గట్టిగా అనలేదు. కాని ముందు బల్ల దాకా వినబడింది. బల్ల దగ్గర వరదానం గారు కళ్ళజోడు తీయడం చూశాను. ముందు దాని వంక చూశారు, తరవాత ఏసోబు వంక, తరవాత నా వంక. ఆయన మొహంలో కోపం వస్తుందేమోనని చూశాను. కోపం రాలేదు. ముసలితనం వచ్చింది.

ఎస్తేరు సర్టిఫికెట్టు పోవచ్చు. తెలిసే చేసింది. శనివారం వంటింట్లో వాళ్ళమ్మ చెప్పిందట, రాత్రంతా ఆలోచించుకుందట. నన్ను అడగలేదేమని అడిగితే, "అడిగితే సెప్టెంబరు అనేవారు" అంది మార్తమ్మ. నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇందులోనే రాసుకున్నాను. ఇండియా పటం కింద ఎవరూ వెతకరనుకున్నాను.

బుధవారం కమిటీ. పట్టీ నా దగ్గర్నుంచి తీసుకున్నారు. మిషను స్కూళ్ళ మేనేజరు గారికి ఉత్తరం వెళుతుంది, తాడేపల్లిగూడేనికి కూడా వెళుతుందేమో. భయం అలాగే ఉంది. ఏసోబుకు నేనేమీ చెప్పలేదు. ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

కాని అక్కడ ఇంకొకటి జరిగింది. నేను తిరిగి బల్ల దగ్గరకు వెళ్ళలేకపోయాను. గింజ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే ఉండిపోయాను. పట్టీలో ఇంకా ఒక్క పేరు మిగిలింది. వరదానం గారు కళ్ళజోడు పెట్టుకుని, పట్టీ తన వైపు తిప్పుకుని, ఆ ఆఖరి పేరు చదివారు.

"కృపానందం."

ఆయన రెండోసారి చదివారు. నేను గడప దాటి బయట నుంచున్నాను.

"ఉన్నానండి" అన్నాను.

ఏసోబు కొంచెం పక్కకు జరిగి, నీడ పడే చోట నాకు చోటిచ్చాడు.